వంకర తిరిగిన వేలితో అలిపిరి మెట్లు

ఆపరేషన్ లేకుండా ఈ పాదాలతోనే నడవగలిగితే అలిపిరి నుంచి కాలినడకన కొండకొస్తానని మొక్కుకున్నాను. మొన్న స్వామి ఆ మొక్కు తీర్చుకునే భాగ్యం ఇచ్చాడు. నా బాధంతా రెండో వేలిది. మధ్య కణుపు పైకి లేచి, కొన నేలకేసి వంగి ఉంటుంది. డాక్టర్లు హ్యామర్ టో అంటారు. కణుపు మీద ఒక ఆనెకాయ, అరికాలి ముందు భాగంలో ఇంకొకటి. ఇలాంటి పాదాలతో కొండెక్కుతున్నవాళ్లు దారంతా కనిపించారు. అందుకే కొండ కబుర్లకన్నా కాలి సంగతే ఎక్కువ రాస్తున్నాను.

ముందు చూసుకోవాల్సింది ఒకటే: వేలిని చేత్తో లాగితే తిన్నగా వస్తుందా, రాదా. వస్తే వ్యాయామం, టేపు పనికొస్తాయి. కణుపు బిగుసుకుపోయిన వేలు ఏ వ్యాయామానికీ తిన్నబడదు, దాని మీద ఒత్తిడి తగ్గించడమే మార్గం. నాది ఇంకా తిన్నగా వచ్చే వేలే. పూటపూటా వేలిని మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా తిన్నగా సాగదీసి 30 సెకన్లు ఉంచడం, గోడకు చేతులానించి పిక్కలు సాగదీయడం నాకు అలవాటు. పిక్క బిగుసుకుంటే అడుగు ఎత్తేటప్పుడు ఆ పని వేళ్లను పైకి లాగే కండరాల మీద పడుతుంది, వేలు ఇంకా వంకరపోతుంది. చాలామంది వేళ్లనే చూసుకుంటారు, పిక్కలను వదిలేస్తారు. మామూలు రోజుల్లో వేసుకునే బూట్లకు ముందు భాగం వెడల్పుగా, లోతుగా ఉండాలి. పొడవైన వేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, అప్పుడు వెళ్లి కొనుక్కోవాలి.

అలిపిరి మెట్ల మీద చెప్పులు వేసుకోం కదా. 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. అందుకని పాదాల మండపం దగ్గర దణ్ణం పెట్టుకోకముందే కాలికి కట్టు కట్టేశాను. అర అంగుళం వెడల్పు, జానెడు పొడవు గుడ్డ టేపు. మధ్యభాగాన్ని వేలి మొదటి ఎముక మీద వేసి, రెండు కొసలనూ అటూ ఇటూ పక్క వేళ్ల సందుల్లోంచి కిందికి దించి, అరికాలి మీద ఒకదానిపై ఒకటి దాటించి అంటించాలి. వేలి చుట్టూ ఉంగరంలా బిగించకూడదు. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి, రాకపోతే విప్పి మళ్లీ కట్టాలి.

అరికాలికి ఫెల్ట్ మెత్త కూడా పెట్టాను. ఇక్కడే చాలామందికి తేడా వస్తుంది. మెత్త నొప్పి ఉన్నచోట కాదు, దానికి కాస్త వెనక, మడమ వైపు ఉండాలి. నొప్పి మీదే పెడితే ఒత్తిడి పెరుగుతుంది. అరికాలి ఆనెకాయ మీద తడి కుంకుమతో గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తుకు వెనక మెత్త రావాలి. దానిపైన నూలు సాక్సు.

గాలి గోపురం దాకా నిటారు మెట్లు, ఆ తర్వాత చాలాదూరం సులువు, చివర్లో మళ్లీ మోకాళ్ల పర్వతం అనే నిటారు మెట్లు. మెట్టు మీద పాదమంతా, మడమతో సహా, ఆనించాలి. మడమ గాల్లో ఉంటే బరువంతా వేళ్ల మొదళ్ల మీదికొస్తుంది, వేలు నేలను గోళ్లతో పట్టుకోవాలని చూస్తుంది. ఒక ఆవిడ ప్రతి మెట్టుకూ పసుపు రాసి బొట్టు పెడుతూ నా పక్కనే ఎక్కింది. ఆవిడ వేగమే నాకు సరిపోయింది. గోవిందనామం చెప్పుకుంటూ ఆ వేగంతోనే వెళ్లాను.

అసలు కష్టం మెట్లలో కాదు, క్యూలో. తలుపు తీసిన ప్రతిసారీ ఆ తోపులాట ఏమిటో! స్వామి ఎక్కడికి పోతాడని ఆ పరుగు? నా వేలి కణుపు మీద రెండుసార్లు తొక్కారు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెనకున్న పెద్దాయన, కన్నడం కలిసిన తెలుగులో, "కాలు నొప్పా అమ్మా? నా ముందర నిలబడు తల్లీ" అన్నాడు. రెండు చేతులతో అటూ ఇటూ కమ్మీలు పట్టుకుని, వెనకనుంచి వచ్చే తోపుడంతా తన వీపు మీద కాచుకున్నాడు. ఆయన మోచేతులు వణకడం నాకు తెలుస్తూనే ఉంది. మహాద్వారం దాకా చెయ్యి తీయలేదు. పేరు కూడా అడగలేకపోయాను.

మహాద్వారం దగ్గర పారే నీళ్లలో టేపు తడిసి ఊడుతుంది. అందుకే సాక్సు, మెత్త, టేపు అంతకుముందే తీసి సంచిలో పెట్టుకున్నాను. వేలికి జెల్ తొడుగు వాడేవాళ్లూ అక్కడ తీసేయాలి, తడి పట్టి ఉంటే చర్మం నానిపోయి చిట్లుతుంది. గర్భగుడి గడప కులశేఖరపడికి ఇవతల, "జరగండి జరగండి" అంటూ భుజం పట్టి లాగే ఆ క్షణంలో, నా చూపు స్వామి కుడిచేతి మీద నిలిచింది. పాదాలను చూపించే వరదహస్తం. బంగారు తొడుగుల్లోని ఆ పాదాలు కనిపించాయి. దారంతా నా పాదాలే చూసుకుంటూ వచ్చినదాన్ని. ఏమీ అడగలేదు, అడగాలని కూడా గుర్తు రాలేదు.

కిందికి బస్సులోనే వచ్చాను. మెట్లు దిగేటప్పుడు బరువు ముందుకు పడి వేళ్లు ముడుచుకుంటాయి. రాత్రి గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు కాళ్లు పెట్టి, ఆనెకాయను ప్యూమిస్ రాయితో మెల్లగా రుద్ది, తడి తుడిచి కొబ్బరినూనె రాసుకున్నాను. బ్లేడుతో కోయడం వద్దు. షుగర్ ఉన్నవాళ్లు మందుల షాపులో దొరికే ఆనెకాయ ప్లాస్టర్ వేయకూడదు, అందులోని ఆమ్లం మంచి చర్మాన్నీ తినేస్తుంది. పాదాల్లో తిమ్మిరి, స్పర్శ తగ్గడం ఉంటే వట్టికాళ్లతో కొండ ఎక్కవద్దు. పుండు పడినా తెలియదు. బస్సులో వెళ్లి దర్శనం చేసుకోండి.