పొట్టి బండా, పొడుగు బండా

మా బావమరిది కొండల్లో, అడవి దారుల్లో తిరగడానికి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొందామని పది రోజులుగా ఒకటే ఫోన్లు. "బావా, మూడు డోర్లది తీసుకోనా, ఐదు డోర్లది తీసుకోనా?" అని. డోర్లు లెక్కపెట్టకురా, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఎంత దూరం ఉందో చూడు అంటే "అదేలే బావా, నేనడిగేదీ అదే" అంటాడు. అది కాదు వాడడిగేది. ఫోన్లో ప్రతిసారీ సగం చెప్పి సగం మింగేస్తున్నాను, అందుకే మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా.

ఆరేళ్లు పొట్టి వీల్‌బేస్ బండి నడిపాను. ఇప్పుడు నాలుగేళ్లుగా పొడుగుది. రెండూ నన్ను ఏడిపించాయి, కాకపోతే వేర్వేరు రకాలుగా.

వీల్‌బేస్ అంటే బండి మొత్తం పొడుగు కాదు, ముందు యాక్సిల్ (ఎడమ, కుడి చక్రాలని కలిపే ఇరుసు) మధ్య నుంచి వెనక యాక్సిల్ మధ్య వరకు ఉన్న దూరం. మూడు డోర్ల జిమ్నీకి అది 2250 మి.మీ., ఐదు డోర్లదానికి 2590. మూడు డోర్ల థార్‌కి 2450, ఐదు డోర్ల థార్ రాక్స్‌కి 2850. రెండు డోర్ల రాంగ్లర్‌కి 2460 అయితే నాలుగు డోర్లదానికి ఏకంగా 3008. తేడా అంతా కలిపి జానెడున్నర నుంచి రెండు జానల పైచిలుకు, అంతే. ఆ మాత్రానికే బండి స్వభావం మొత్తం మారిపోతుందా అంటే మారిపోతుంది. ఇంకో తమాషా, కొత్త డిఫెండర్‌లో పొట్టిదని చెప్పుకునే 90 అనే మోడల్ వీల్‌బేస్ 2587, అంటే పొడుగు జిమ్నీతో దాదాపు సమానం. పొట్టి, పొడుగు అన్న పేర్లు ఆ కంపెనీ అన్నదమ్ముల మధ్య పోలికే తప్ప దారికి వాటితో పనిలేదు.

మొదట బండి కడుపు సంగతి, అంటే రెండు యాక్సిళ్ల మధ్య ఉండే అడుగుభాగం. బ్రోషర్‌లో గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ, బండిలో అన్నిటికంటే కిందున్న భాగానికీ మధ్య ఎత్తు) అని ఒక అంకె వేస్తారు, అందరూ దాన్ని పట్టుకుని వాదించుకుంటారు. ముందూ వెనకా గట్టి యాక్సిల్ ఉన్న బండ్లలో ఆ అంకె సాధారణంగా డిఫరెన్షియల్ (యాక్సిల్ మీద ఉండే గేర్ల డబ్బా) కింద కొలిచినది, అంటే చక్రాల పక్కనే. బండి మధ్యలో కడుపు దానికంటే ఎత్తులోనే ఉంటుంది. దిబ్బ ఎక్కి దిగేటప్పుడు ఆనేది ఆ కడుపు. అది ఆనకుండా ఎంత వాలు ఉన్న మిట్ట దాటొచ్చో చెప్పేదే బ్రేకోవర్ యాంగిల్. జిమ్నీ రెండు రకాలకీ గ్రౌండ్ క్లియరెన్స్ ఒకటే, 210 మి.మీ. కానీ బ్రేకోవర్ మూడు డోర్లదానికి 28 డిగ్రీలు, ఐదు డోర్లదానికి 24. బండి కిందకి దిగలేదు, చక్రాలు దూరం జరిగాయి, అంతే.

ఉజ్జాయింపుగా లెక్క చూద్దాం. కడుపు నేలకి 30 సెం.మీ. ఎత్తులో ఉందనుకోండి. వీల్‌బేస్ 2.4 మీటర్లయితే 28 డిగ్రీలు వస్తుంది. అదే ఎత్తులో వీల్‌బేస్ 2.9 చేస్తే 23కి కాస్త పైన. పోయిన ఆ నాలుగున్నర డిగ్రీలు తిరిగి రావాలంటే కడుపుని ఇంకో 6 సెం.మీ. పైకి లేపాలి. టైర్లతోనే లేపుదామంటే వ్యాసం 12 సెం.మీ. పెరగాలి, ఎందుకంటే టైరు పెరిగిన దాంట్లో సగమే బండి లేస్తుంది. అంత పెద్ద టైరు చాలా బండ్లలో ఫెండర్‌కి రాసుకుంటుంది, గేర్ నిష్పత్తులు కూడా చెడతాయి. అంటే కాగితం మీద చిన్నగా కనిపించే ఆ తేడాని తర్వాత డబ్బు పెట్టి కొనడం అంత తేలిక కాదు.

ఇదంతా నాకు లెక్కల్లో కాదు, ఒక మట్టి దిబ్బ మీద తెలిసింది. పొడుగు బండి కొన్న కొత్తలో, పాత బండితో పదిసార్లు దాటిన దారిలోనే వెళ్తున్నాను. దారికి అడ్డంగా నడుము లోతు కాలవ, దాని పక్కనే తవ్వి పోసిన మట్టి మిట్ట. ముందు చక్రాలు దాటాయి, మిట్ట నెత్తి మీదకి వచ్చాక కింద నుంచి ఒక చప్పుడు, గట్టి బండరాయి మీద ఇనప పెట్టె ఈడ్చినట్టు. ఆ తర్వాత చప్పుడే లేదు. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, బండి మాత్రం బురదలో పడుకున్న గేదెలా అంగుళం కదలదు. దిగి పడుకుని చూస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి ఇంజిన్ శక్తిని పంచే పెట్టె) కింద రేకు మొత్తం మట్టి మీద పరుచుకుని ఉంది, ముందు చక్రాలు నేలని తాకీ తాకనట్టున్నాయి. జాకీ పెడితే జాకీయే మట్టిలోకి దిగబడింది. చివరికి చెక్క పలక మీద జాకీ పెట్టి, ఒక్కో చక్రం లేపి కింద రాళ్లు పేర్చి, కడుపు కింద మట్టిని చిన్న పారతో గీకి గీకి బయటపడేసరికి గంటన్నర. పాత బండి ఆ మిట్టని గమనించినట్టు కూడా ఉండేది కాదు.

రెండో దెబ్బ మలుపులో. స్టీరింగ్ పూర్తిగా తిప్పినా పొడుగు బండికి ఎక్కువ చోటు కావాలి, ఇది అందరికీ తెలుసు. మూడు డోర్ల జిమ్నీ 4.9 మీటర్ల వ్యాసార్థంలో తిరిగితే ఐదు డోర్లదానికి 5.7 కావాలి. చాలామంది మర్చిపోయేది వెనక చక్రం సంగతి. మలుపులో వెనక చక్రం ముందు చక్రం దారిలో రాదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. ముందు చక్రం 6 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతుంటే 2.4 మీటర్ల వీల్‌బేస్ బండికి వెనక చక్రం అర మీటరు లోపలికి వస్తుంది, 2.9 అయితే ముప్పావు మీటరు. ఆ పావు మీటరులోనే నాకు ఒక చెట్టు మొద్దు తగిలింది. ముందు భాగం దాన్ని సుఖంగా దాటింది, నేను అద్దంలో చూడకుండా స్టీరింగ్ తిప్పేశాను, వెనక డోర్ కింద అంచు దాని మీదకి ఎక్కి కూర్చుంది. సొట్ట ఇంకా తీయించలేదు. పొడుగు బండి కొనేవాళ్లకి నా మొదటి సలహా, సైడ్ స్టెప్పులు పీకేసి ఛాసిస్‌కి బిగించే రాక్ స్లైడర్లు (డోర్ల కింద రాళ్ల దెబ్బ కాచే గట్టి ఇనప పట్టీలు) వేయించుకోండి. లైట్లు, విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), రూఫ్ ర్యాక్ అన్నీ తర్వాత.

ఇంతవరకు చదివితే పొట్టి బండే కొనమంటున్నానని అనిపిస్తుంది. ఆగండి.

నిటారు ఎక్కుడు దగ్గర కథ తిరగబడుతుంది. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారుతుంది, వీల్‌బేస్ పొట్టిదైతే ఇంకా ఎక్కువ జారుతుంది అని అందరూ చెప్పే మాటే. ఎంత తేడా అని లెక్క వేసి చూశాను. బరువు ముందూ వెనకా సమంగా ఉండి, దాని కేంద్రం నేలకి 75 సెం.మీ. ఎత్తులో ఉందనుకుంటే, 30 డిగ్రీల నున్నటి ఎక్కుడు మీద 2.4 మీటర్ల బండికి ముందు చక్రాల మీద 32 శాతం మిగులుతుంది, 2.9 మీటర్లదానికి 35 శాతం. ఇంతేనా అనిపించింది. కానీ నున్నటి ఎక్కుడు ఎక్కడుంటుంది? అదే ఎక్కుడు మధ్యలో అర మీటరు మెట్టు లాంటి రాయి వచ్చిందనుకోండి. ముందు చక్రాలు దాని మీదకి ఎక్కగానే పొట్టి బండి ఇంకో 12 డిగ్రీలు వెనక్కి వాలుతుంది, పొడుగుది 10. అప్పుడు చూస్తే పొట్టిదాని ముందు చక్రాల మీద మిగిలేది 22 శాతం, పొడుగుదాని మీద 28. ఇది బండి నిలకడగా ఉన్నప్పటి మాట. కాస్త యాక్సిలరేటర్ ఎక్కువై ఎగిరితే ఆ 22 ఏమవుతుందో ఊహించుకోండి. స్టీరింగ్ చేతిలో దూదిలా తేలికైపోతుంది, ఎదురుగా ఆకాశం తప్ప ఇంకేం కనిపించదు, ప్యాంట్ తడవకపోతే అదృష్టం.

దిగుడులో ఇంకో భయం. తడి బంకమట్టి మీద పొట్టి బండితో దిగుతూ కంగారులో బ్రేకు తొక్కాను. వెనక భాగం అప్పటికే తేలిగ్గా ఉంది, జారింది, కన్నుమూసి తెరిచేలోగా బండి వాలుకి అడ్డం తిరిగి నిలబడింది. అడ్డం తిరగడం అంటే దొర్లడానికి ఒక్క రాయి దూరం. పక్కనున్న పొద ఆపింది, నా నైపుణ్యం కాదు. అలాంటప్పుడు బ్రేకు వదిలేసి, జారుతున్న వైపుకి స్టీరింగ్ తిప్పి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి బండిని వాలుకి నిలువుగా తెచ్చుకోవాలి. తెలుసు నాకు. తెలిసినా పొట్టి బండిలో ఆ పని చేయడానికి దొరికే సమయం చాలా తక్కువ. పొడుగుది కూడా జారుతుంది, కాకపోతే బద్ధకంగా జారుతుంది, మన బుర్ర దానికంటే ముందుంటుంది.

నా గొడవంతా ఇదే. పొడుగు బండి మన తప్పుకి ఇరుక్కుపోతుంది, పొట్టి బండి మన తప్పుకి తిరగబడుతుంది. ఇరుక్కుంటే గంటన్నర, బట్టలకి మట్టి, కాస్త పరువు. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకి చిన్న బండైతే తేలిక అని చెప్పడం నాకు నచ్చదు. పార్కింగ్‌లో తేలిక. ఇరుకు అడవి దారుల్లో, చెట్ల మధ్య అడుగడుక్కీ తిప్పుకోవాల్సిన చోట నిజంగానే తేలిక, అక్కడ పొట్టిదాన్ని మించింది లేదు. నిటారు రాళ్ల ఎక్కుళ్ల దగ్గర మాత్రం కాదు.

ఇసుక, బురద విషయంలో వీల్‌బేస్ గురించి తల బద్దలు కొట్టుకోవద్దు. అక్కడ టైర్లలో గాలి ఎంత తగ్గించారు, బండి ఎంత బరువుంది అన్నదే సగం పని చేస్తుంది.

సామాను గురించి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. పొట్టి బండిలో నలుగురు కూర్చున్నాక నీళ్ల క్యాన్లు, పనిముట్లు, టెంటు ఎక్కడ పెడతారు? వెనక యాక్సిల్‌కి కూడా వెనక, లేదా టాప్ మీద. వెనక పెడితే ముందు చక్రాలు ఇంకా తేలికవుతాయి, టాప్ మీద పెడితే బరువు కేంద్రం పైకి పోతుంది. అంటే ఆ బండికి ఏ జబ్బు ఉందో సరిగ్గా దానికే మేత వేస్తున్నాం. ఖాళీగా ఒక్కడే వెళ్లే రోజు పొట్టి బండి ఎంత ముద్దొస్తుందో, వారం రోజుల ప్రయాణానికి సర్దిన రోజు అంత విసిగిస్తుంది. పొడుగుదాంట్లో ఆ బరువులో ఎక్కువ భాగం రెండు యాక్సిళ్ల మధ్యే కూర్చుంటుంది, గతుకుల్లో ముందుకీ వెనక్కీ ఊగడం కూడా తక్కువ, వెనక సీట్లో వాళ్లు సాయంత్రానికి మనతో మాట్లాడే స్థితిలో ఉంటారు.

పొడుగు అని చెప్పి తోక పొడుగుని కూడా ఇందులో కలిపేయకండి. డిఫెండర్ 130 మోడల్ వీల్‌బేస్ 110 మోడల్‌దే, 3022 మి.మీ., పెరిగింది వెనక వేలాడే భాగం, 340 మి.మీ. దానికి మిట్టల దగ్గర కొత్తగా వచ్చే కష్టం లేదు, గుంటలోంచి పైకి లేచేటప్పుడు బంపర్ నేలకి ఆనే కష్టం ఉంది.

ఇక మా వాడి సంగతి. ఒరేయ్, నీకు పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఇప్పటివరకు లో-రేంజ్ (కష్టమైన దారుల్లో నెమ్మదిగా, బలంగా నడిపే గేర్లు) ముట్టుకున్నది లేదు, వెళ్లేది నెలకోసారి. పొడుగుది తీసుకో. షోరూంకి వెళ్లినప్పుడు సన్‌రూఫ్ చూడకు. కింద పడుకుని, వీల్‌బేస్‌కి సరిగ్గా మధ్యలో నేల నుంచి కడుపు ఎంత ఎత్తుందో కొలువు, రెండు బండ్లకీ. ఆ తర్వాత వెనక సీట్లో నువ్వు కూర్చుని, ఇంకొకర్ని నడపమని గతుకుల మీద పది నిమిషాలు తిరిగి రా. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనీ. కొలత టేపు నా బండి డాష్‌బోర్డులో ఉంది, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు, వచ్చేటప్పుడు పాత చొక్కా వేసుకుని రా.