ఫైబర్ బండిలో సీటు బిగించడమంటే

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీల మధ్య పని నేర్చుకున్నవాడికి సీటు బిగించడం పెద్ద పనేం కాదు. ఇనుప ఫ్లోరు మీద బ్రాకెట్ పెట్టి వెల్డింగ్ కొడితే బండి తుక్కుకి పోయేదాకా కదలదు. ఇప్పుడు నేను పనిచేసేది ఇంగ్లండ్‌లో, నార్ఫోక్‌లోని ఒక చిన్న షెడ్డులో. లోటస్ అనే స్పోర్ట్స్ కార్ల కంపెనీ ఫ్యాక్టరీ ఉన్న హెథెల్ ఈ జిల్లాలోనే, కాబట్టి మా దగ్గరికి వాళ్ల పాత ఎలాన్ కార్లు బాగా వస్తాయి. 1962లో వచ్చిన మోడల్ అది. నడిమధ్యన స్టీల్ ఛాసిస్, దానికి బోల్టులతో పట్టి ఉండే ఫైబర్‌గ్లాస్ బాడీ. డ్రైవర్ కూర్చునే చోట కింద ఉండేది ఫైబరే. అక్కడ వెల్డింగ్ ఊసే లేదు.

పోయిన చలికాలం ఒకాయన తన ఎలాన్‌కి రేసింగ్ సీట్లు వేయమని తెచ్చాడు. మ్యాట్ లేపి చూస్తే, అంతకుముందు ఎవరో పెట్టిన బోల్టుల కింద రూపాయి బిళ్లంత వాషర్లు, ప్రతి బెజ్జం చుట్టూ సన్నటి పగుళ్లు. మా ఓనరు జేబులోంచి నాణెం తీసి ఫ్లోరంతా తట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట టక్కుమంది, లోపల పొరలు విడిపోయిన చోట బొదబొదమంది. అలాంటి ప్రతిచోటా మార్కర్‌తో సున్నా చుట్టాడు.

ఫైబర్‌కి ఇనుముకున్న సాగే గుణం లేదు. బోల్టు బిగించేకొద్దీ కింద నలుగుతుంది, నలిగాక బోల్టు వదులవుతుంది. వెనకనుంచి ఎవరైనా గుద్దారనుకోండి, మనిషి బరువంతా సీటు వీపు మీద పడి సీటు ముందువైపు బోల్టుల్ని పైకి లాగుతుంది. చిన్న వాషరైతే ఫ్లోరుని చీల్చుకుని వచ్చేస్తుంది. అందుకే ప్రపంచ కారు రేసులకు రూల్స్ పెట్టే ఎఫ్‌ఐఏ సంస్థ రేసు కార్లకు పెట్టిన కొలతే మా ఓనరు రోడ్డు బండికీ వాడతాడు: సీటుకి కనీసం 4 చోట్ల 8 మి.మీ. బోల్టులు, ఒక్కోదాని కింద 40 చదరపు సెం.మీ.కి తగ్గని, 3 మి.మీ. మందం స్టీలు ప్లేటు. ప్లేటు మూలలు గుండ్రంగా అరగదీయాలి, లేకపోతే ఆ మూలే ఫైబర్‌ని కోస్తుంది. బెజ్జంలో చిన్న స్టీలు గొట్టం పెడితే బిగింపు ఫైబర్ మీద పడకుండా గొట్టం మీద పడుతుంది. సీటు బెల్టుని మాత్రం సీటుకి కట్టనివ్వడు. కడితే గుద్దినప్పుడు మనిషి బరువు కూడా ఆ నాలుగు బోల్టులే మోయాలి.

నాకు చిరాకు పుట్టించేది మాత్రం సున్నాలు చుట్టిన చోట్ల బాగుచేయడానికి పాత ఫైబర్‌ని రుద్దే పని. మాస్కు, గ్లవ్స్, పొడుగు చేతుల ఓవరాల్ అన్నీ వేసుకున్నా ఆ దుమ్ము మెడ దగ్గర దూరిపోతుంది, రాత్రంతా దురదే. చన్నీళ్లతో కడుక్కోవాలంటారు, జనవరిలో! ఫైబర్ పొరల్ని అతికించే జిగురు, రెజిన్ అంటారు, దానికీ చలి పడదు. 15 డిగ్రీలకన్నా తగ్గితే సరిగా గట్టిపడదు. అందుకని బండి కింద హీటర్ లైటు పెట్టి, మాకు లేని వెచ్చదనం దానికిస్తాం.

బిల్లు చూసి ఆయన "నాలుగు బోల్టులకి ఇన్ని గంటలా?" అన్నాడు. పని జరుగుతుండగా తీసిన ఫొటోలన్నీ చూపించాం. చూసి కట్టాడు, కట్టేముందు గట్టిగా బేరం కూడా ఆడాడు. తెల్లవాళ్లు బేరమాడరని మా ఊళ్లో ఎవరు చెప్పారో గానీ! కొంత తిరిగాక ఓసారి తెస్తే బోల్టుల బిగువు ఊరికే చూస్తామన్నాం. ఊరికే అన్నాం కదా, మర్చిపోకుండా తెచ్చాడు.