పది పనిదినాలు

ఆదివారం ఉదయం అత్తయ్య మాంసం కూర కోసం గసగసాలు నానబెట్టారు. నేను ఆ గిన్నె తీసి పక్కన పెట్టాను.

"ఈ రెండు రోజులూ గసగసాలు వద్దు అత్తయ్యా."

"అదేమమ్మా, కడుపులో బాగాలేదా?"

"మంగళవారం బ్యాంకు వాళ్ళు పరీక్ష చేయిస్తున్నారు. ఒంట్లో మత్తుమందులు ఉన్నాయేమో చూస్తారట."

"నీ ఒంట్లోనా?" అని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. కాస్త కాఫీ ఎక్కువైతే రాత్రి నిద్ర పట్టని కోడలు ఆవిడకు తెలుసు. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. అప్పటికి పాత ఉద్యోగం పోయి దాదాపు నెల రోజులు. అమెరికాలో హెచ్‌1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా అరవై రోజులు. 2017లో వచ్చిన నిబంధన అది. అంతకుముందు ఆ మాత్రం గడువు కూడా ఉండేది కాదు. అరవయ్యో రోజు లోపల కొత్త యజమాని నా తరఫున వీసా పిటిషన్ దాఖలు చేయాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి. షార్లెట్ నగరం నిండా బ్యాంకులే కాబట్టి ఉద్యోగం అయితే దొరికింది. కానీ చేతికి వచ్చిన నియామక పత్రంలో జీతం కన్నా షరతులే ఎక్కువ చోటు ఆక్రమించాయి. మత్తుమందుల పరీక్ష, వేలిముద్రలు, గతం మీద విచారణ. ఈ మూడూ తేలాకే పిటిషన్ సంగతి.

"పది పనిదినాల్లో అయిపోతుంది" అని హెచ్‌ఆర్ అమ్మాయి ఎంతో తీయగా చెప్పింది. ఆమె లెక్కలో శని, ఆదివారాలు లేవు. నా లెక్కలో ఉన్నాయి.

గసగసాల భయం నా పిరికితనం కాదు. అవి నల్లమందు మొక్క గింజలే. గింజలో మత్తు ఉండదు కానీ, కాయ నుంచి కారే పాలు పైన అంటుకుని ఉండడం వల్ల తిన్నవాళ్ళ మూత్రంలో మార్ఫిన్, కొడీన్ ఆనవాళ్ళు కనిపించవచ్చు. ఈ తంటా వల్లనే ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షల్లో ఆ హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2,000కు 1998లో పెంచారు. ప్రైవేటు కంపెనీలు ఆ హద్దునే పాటించాలని ఏమీ లేదు. 2023 ఫిబ్రవరిలో అమెరికా రక్షణ శాఖ సైనికులను గసగసాలు తినవద్దని హెచ్చరించింది. పాపం వాళ్ళు తినేది రొట్టె మీద చల్లిన చిటికెడు. మనం గుప్పెడు నూరి ముద్ద చేసి కూరలో కలిపే జాతి. గల్ఫ్ వెళ్ళే మనవాళ్ళకు ఇది పాత సంగతే. యూఏఈ, సౌదీ అరేబియాల్లో గసగసాలు నిషిద్ధం. అమ్మ ప్రేమగా కట్టి ఇచ్చిన పొట్లం విమానాశ్రయంలో కేసై కూర్చుంటుంది.

మంగళవారం ఆ ల్యాబులో చేతి సంచి, స్వెట్టరు, ఫోను లాకర్లో పెట్టించారు. జేబులు తిప్పి చూపించమన్నారు. మరుగుదొడ్డిలో నీళ్ళు నీలంగా ఉన్నాయి, ఎవరూ అవి ముంచి కప్పు నింపకుండా. కుళాయికి టేపు అంటించి ఉంది. "ఫ్లష్ చేయవద్దు" అని ఆ నర్సు రెండుసార్లు చెప్పింది. కప్పు తెచ్చి ఇస్తే ముందు దాని పక్కనున్న ఉష్ణోగ్రత పట్టీ చూసింది. నాలుగు నిమిషాల్లోపు చూడాలి, 90 నుంచి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. ఉంది. తర్వాత నా కళ్ళ ముందే రెండు సీసాల్లోకి వంచి, మూతల మీదుగా కాగితపు సీలు అంటించి, "మీ ఇనీషియల్స్ వేయండి" అంది.

నేను అలవాటు ప్రకారం ఇంటిపేరు మొదటి అక్షరం ముందు, పేరు అక్షరం తర్వాత వేశాను. ఆమె ఫారం వంక, సీసా వంక చూసి, "ఇది తలకిందులుగా ఉంది" అంది. కొత్త సీలు తీసి మళ్ళీ వేయించింది. అప్పుడే అర్థం కావలసింది నాకు, అసలు గండం ఎక్కడుందో.

మత్తుమందుల పరీక్ష రెండు రోజుల్లో తేలిపోయింది. ఏమీ లేదు. ఆ సాయంత్రమే గసగసాల డబ్బా అలమరలోంచి దిగింది.

వేలిముద్రల దగ్గర కొంచెం ఆలస్యమైంది, అంతే. గాజు పలక మీద కుడి బొటనవేలు ఎంత నొక్కినా గీతలు సరిగ్గా పడలేదు. "గిన్నెలు చేత్తోనే తోముతారా?" అని అడిగాడు ఆ పెద్దాయన. తడిగుడ్డతో తుడిచి నాలుగోసారికి సాధించాడు. ఈ ముద్రలు ఎఫ్‌బీఐకి వెళతాయి. డిపాజిట్లకు ప్రభుత్వ బీమా ఉన్న ఏ బ్యాంకైనా కొత్తవాళ్ళకు నేరచరిత్ర ఉందేమో విచారించవలసిందే. బీమా చట్టం 19వ సెక్షన్ ప్రకారం మోసం, నమ్మకద్రోహం, అక్రమ ధన చలామణీ వంటి నేరాల్లో శిక్ష పడినవాళ్ళను ప్రత్యేక అనుమతి లేకుండా పనిలో పెట్టుకోకూడదు.

నాకు తెలిసిన ఒక కుర్రాడు ఇక్కడే చిక్కుకున్నాడు. చదువుకునే రోజుల్లో దుకాణంలో రెండు చికెన్ ప్యాకెట్లు స్కాన్ చేసి మూడోది చేయకుండా సంచిలో వేసుకున్నాడు. కోర్టు తరగతులకు హాజరు కమ్మంది, అయ్యాడు, కేసు కొట్టేశారు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు. బ్యాంకు ఫారంలో అలా తరగతులతో ముగిసిన కేసుల గురించి కూడా అడిగారు. 2022 చివర్లో వచ్చిన చట్టం ఈ పట్టును కొంత సడలించింది. ఏడేళ్ళు దాటిన చాలా నేరాలకు ఇప్పుడు ఆ అనుమతి అక్కర్లేదు. కానీ వాడికి అది ఆలస్యంగా వచ్చిన వాన. బిడ్డల్ని పంపే తల్లిదండ్రులు ఆవకాయ జాడీతో పాటు ఈ మాట కూడా కట్టి పంపితే బాగుండును.

నా కథకు వస్తాను. నలభై మూడో రోజున, విచారణ చేసే సంస్థ నుంచి ఒక మెయిల్. "మీ విద్యార్హతను, మీ మొదటి ఉద్యోగాన్ని ధ్రువీకరించలేకపోయాము."

డిగ్రీ పట్టా మీద ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. పాస్‌పోర్టులో అత్తింటిది. పట్టా ఇచ్చిన జేఎన్‌టీయూ 2008లో విడిపోయి హైదరాబాదులో ఒకటి, కాకినాడలో ఒకటి, అనంతపురంలో ఒకటి అయింది. నేను 2007లో చదువు పూర్తి చేశాను. కాలేజీ ఉన్నది గుంటూరు పక్కన, పట్టా మీద ఉన్నది హైదరాబాదు. ఫోనులో ఆ సంస్థ మనిషి ఎంతో ఓపికగా అడిగాడు, "ఇందులో మీ అసలు పేరు ఏది?" రెండూ అసలువే అని చెప్పాను. ఆయనకు ఒకటే గడి ఉంది.

ఇక మొదటి ఉద్యోగం. అమీర్‌పేటలో మూడో అంతస్తులో ఉండే చిన్న కంపెనీ, ఎప్పుడో మూతపడింది. ఫోను చేస్తే అక్కడిప్పుడు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఇలాంటి చోట వాళ్ళ అనుమానాన్ని నేను పూర్తిగా తప్పు పట్టలేను. లేని అనుభవాన్ని కాగితం మీద పుట్టించే విద్య మనవాళ్ళలో ఎంత ముదిరిందో అందరికీ తెలుసు. అలాంటివాళ్ళు ఆరేళ్ళని రాసుకుంటే ఆ అప్పు నాలాంటివాళ్ళు తీరుస్తున్నాం, నిజంగా చేసిన పద్దెనిమిది నెలలకు సాక్ష్యం వెతుక్కుంటూ.

మాకు రాత్రి తొమ్మిదిన్నర అంటే గుంటూరులో ఉదయం ఏడు. తమ్ముడు బీరువా మీది ఇనుప పెట్టె దించి, వీడియోలో ఒక్కో కాగితం చూపించాడు. ఇంటర్ మార్కుల జాబితా, పెళ్ళి శుభలేఖ, కరెంటు బిల్లులు. "అక్కా, ఇదేనా?" "కాదురా, ఇంకా కింద చూడు." చివరికి నాన్న నా పేరు రాసి దాచిన కవరులో ఫారం 16 దొరికింది. రెండేళ్ళవీ ఉన్నాయి. పన్ను కోసిన కాగితం ఉంటే కంపెనీ మూతపడినా ఉద్యోగం చేసినట్టే. ఇల్లు మారినా, ఊరు మారినా వాటిని పారేయకండి. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని నాన్న నోటరీ దగ్గర ప్రమాణపత్రం రాయించి మర్నాడే పంపారు. కూతురు తన కూతురేనని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టి వచ్చానని నవ్వుతూనే అన్నారు గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

యాభై ఒకటో రోజున అన్నీ తేలాయి. పిటిషన్‌కు ముందు కార్మిక శాఖ నుంచి తెచ్చుకోవలసిన కాగితానికే ఏడు పనిదినాలు పడుతుంది. న్యాయవాది ముందు చూపుతో అది పెట్టి ఉంచింది కాబట్టి యాభై ఎనిమిదో రోజున పిటిషన్ చేరింది. ఆమె పెట్టకపోయి ఉంటే ఏమయ్యేదో ఆ లెక్క నేను ఒక్కసారి వేసుకుని, మళ్ళీ వేయలేదు.

ఆ విచారణ నివేదిక ప్రతి కావాలని అడిగాను. 1970 నాటి ఒక చట్టం ఉంది. ఇలాంటి నివేదిక చూసి ఉద్యోగం నిరాకరించాలనుకుంటే ముందు దాని ప్రతిని మనకు ఇచ్చి తీరాలి. నాకు నిరాకరించలేదు. అయినా నా గురించి ఏం రాశారో చూడాలనిపించింది. పద్నాలుగు పేజీలు వచ్చాయి. మత్తుమందుల పరీక్ష ఒక్క వరుస. మొదటి పేజీలో నా పేరు, దాని కింద "అలియాస్" అని ఒక గడి. మన పేపర్లలో దొంగల పేర్ల మధ్యన చదివే మాట. ఆ గడిలో నాన్న ఇంటిపేరుతో నా పేరు ఉంది, బడిలో హాజరు పిలిచినప్పుడు పలికిన పేరు.

పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్య, "ఏం రాశారమ్మా?" అని అడిగారు.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయట" అని కాగితాలు కవరులో పెట్టేశాను.