లేక్‌వుడ్ మంచు గిడ్డంగిలో

డెన్వర్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు ఇంటికి వెళ్లినప్పుడు, రాకీ కొండలను మరునాటికి వాయిదా వేసి, పక్కనే లేక్‌వుడ్‌లో ఉన్న ఐస్ కోర్ భాండాగారాన్ని చూడడానికి ముందుగానే అనుమతి తీసుకున్నాను. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో 1993 నుంచి నడుస్తున్న ఆ కేంద్రం బయటికి మామూలు గిడ్డంగిలాగే ఉంటుంది. లోపల మాత్రం గ్రీన్‌లాండ్, అంటార్కిటికాలలో తవ్వి తీసిన మంచు కడ్డీలను, అంటే ఐస్ కోర్‌లను, మీటరు పొడవు ముక్కలుగా కోసి, వెండిరంగు గొట్టాల్లో పెట్టి, అరల నిండా పేర్చారు. ప్రధాన గదిలో చలి మైనస్ 36 డిగ్రీలు. అక్కడ కాసేపు నిలబడి, అంతకంటే పది డిగ్రీలకు పైగా వెచ్చగా ఉండే పరిశీలన గదిలోకి వస్తే హాయిగా అనిపించింది. అదీ మైనస్సే అని తరువాత గుర్తొచ్చింది.

అనంతపురంలో పెరిగినవాడిని కనుక నా ధ్యాసంతా ఏటా ఎంత కురిసిందన్న లెక్క మీదే ఉంది. ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన పడే మా ప్రాంతాన్ని కరువు సీమ అంటాం. దక్షిణ ధ్రువంలో ఏడాది పొడవునా పడిన మంచును కరిగించి కొలిస్తే సుమారు 8 సెంటీమీటర్లే. కొలిచే మనిషే లేని చోట, వేల ఏళ్ల కిందటి హిమపాతాన్ని ఎలా లెక్కగడతారని మాకు అన్నీ చూపిస్తున్నావిడను అడిగాను.

ఏ ఏడాది పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తేల్చడం మొదటి పని అన్నారామె. వేసవి మంచులో బరువైన రకం ఆక్సిజన్ (ఆక్సిజన్-18) వాటా ఎక్కువ, చలికాలపు మంచులో తక్కువ. అంటార్కిటికాలో సముద్రపు ఉప్పు చలికాలంలో ఎక్కువగా చేరుతుంది. ఈ హెచ్చుతగ్గులను వరసగా లెక్కిస్తూ పోయి, 1815 నాటి టాంబోరా అగ్నిపర్వతం వదిలిన ఆమ్లపు పొర వంటి తేదీ తెలిసిన గుర్తులతో సరిచూసుకుంటారు. తరువాత ఒక్కో పొర మందాన్ని సాంద్రతతో గుణిస్తే ఆ ఏటి నీటి పరిమాణం వస్తుంది.

ఇంత సులువా అనుకుంటుండగా, ఆమె ఒక ఫొటో చూపించారు. అది గ్రీన్‌లాండ్ నడిబొడ్డున తవ్వగా 1993లో 3,053 మీటర్ల లోతుకు చేరిన జీఐఎస్‌పీ2 (గ్రీన్‌లాండ్ మంచు ఫలకాన్ని అధ్యయనం చేసిన అమెరికా ప్రాజెక్టు) కోర్‌లోని ముక్క. 1,855 మీటర్ల లోతు నుంచి వచ్చిన 19 సెంటీమీటర్ల మంచులో 11 ఏళ్ల చారలు కనిపిస్తున్నాయి. అంటే ఒక్కో ఏడాదికి రెండు సెంటీమీటర్లు కూడా లేదు, అదే చోట నేడు ఏటా సుమారు 24 సెంటీమీటర్ల మంచుగడ్డకు సరిపడా కురుస్తోంది. ఈ తేడా అంతా హిమపాతానిది కాదు. పైనున్న బరువుకు మంచు పక్కలకు సాగుతూ ఏటేటా పల్చబడుతుంది కాబట్టి, ఆ సాగుదలను గణితంతో అంచనా వేసి తీసేశాకే, సుమారు 16 వేల ఏళ్ల కిందటి ఆ మంచుయుగంలో నిజంగా ఎంత తక్కువ కురిసిందో తెలుస్తుంది. నా దృష్టిలో ఈ విద్యలో అసలు కష్టం తవ్వకంలో కన్నా ఈ దిద్దుబాటులోనే ఉంది. ఆ దిద్దుబాటు చేశాకే, సుమారు 11,700 ఏళ్ల కిందట గ్రీన్‌లాండ్‌లో హిమపాతం బహుశా మూడేళ్లలోపే రెట్టింపు అయిందని అమెరికా హిమశాస్త్రవేత్త రిచర్డ్ ఆలీ బృందం 1993లో ప్రకటించగలిగింది.

గాలి మరో చిక్కు. ఒక చోట పడిన మంచును ఊడ్చి ఇంకో చోట గుట్ట పోస్తుంది కనుక, ఒక్క కోర్‌లో ఒక్క ఏడాది అంకెను నమ్మరు. దగ్గర దగ్గరగా తీసిన అనేక కోర్‌ల సగటు చూస్తారు. అంటార్కిటికా అంతటా తీసిన కోర్‌లను అలా కలిపి చూసిన 2019 నాటి అధ్యయనం ప్రకారం, 20వ శతాబ్దంలో అక్కడ అదనంగా కురిసిన మంచు సముద్రమట్టం పెరుగుదలను సుమారు 10 మిల్లీమీటర్ల మేర తగ్గించింది. అంచుల్లో కరిగి, విరిగి సముద్రంలో కలుస్తున్న మంచు లెక్క వేరు, దానికి ఐస్ కోర్‌లు చాలవు, ఉపగ్రహాలు కావాలి అని చెప్పి, ఆమె తరువాతి బృందం కోసం తలుపు వైపు నడిచారు.