తుడవబోతే మూల తప్పింది

ఒంగోలులో మా ఇంటి మేడ మీద గదిలో ఉంటుంది నా సీఎన్‌సీ రూటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కని కోసి చెక్కే మిషన్. పని జాగా అటూ ఇటూ 600 మిల్లీమీటర్లు. పేరు పలకలు, దేవుడి గూళ్లకు జాలీలు చెక్కడం నా సరదా. ఏటా నవంబరు వానలు తగ్గాక దానికి ఒకసారి సర్వీసు చేస్తాను. ఈసారి చూస్తే మిషన్‌ని ముందుకీ వెనక్కీ నడిపే పొడవాటి మరల (లీడ్ స్క్రూల) మీద రంపప్పొట్టు, గ్రీజు కలిసి నల్లటి ముద్దలా పేరుకుంది. ఎడమ పక్క స్క్రూని దాన్ని మోటారుకి కలిపే కప్లర్ విప్పి బయటకు తీసి, టర్పెంటైన్ గుడ్డతో తుడిచి మళ్లీ బిగించాను. గ్రీజు మానేసి, పొట్టు అంతగా అంటుకోని టెఫ్లాన్ స్ప్రే కొట్టాను. అయిపోయిందనుకున్నా.

మర్నాడు ఒక టేకు పలక కోసి, మా వీధి ఆచారి గారికి చూపించాను. ఆయన మూలమట్టం ఆనించి వెలుతురుకేసి పట్టి, "ఏంది అబ్బాయా, మూల కలవలా!" అన్నారు. 300 పొడవున అర మిల్లీమీటరు పైనే సందు.

తప్పు నాదే. కోసే తలని మోసే అడ్డ దూలాన్ని, అంటే గ్యాంట్రీని, రెండు పక్కలా రెండు మోటార్లు లాగుతాయి. స్విచ్ వేసే సమయానికి అది వంకరగా ఉంటే, అవి ఆ వంకరనే గట్టిగా పట్టుకుని నడుస్తాయి. పక్కకొకటి చొప్పున, చివరికి వచ్చిందని చెప్పే లిమిట్ స్విచ్‌లున్న మిషన్లు తమంతట తామే సర్దుకునేలా పెట్టుకోవచ్చు. నాదానికి అవి లేవు. స్క్రూ తిరిగి బిగించేటప్పుడు అది కాస్త తిరిగింది, నేను చూసుకోలేదు.

పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీలు మూల నుంచి మూలకి టేపు పట్టి చూస్తారు కదా, నేనూ అదే చేశాను. మొన తేలిన వి-బిట్‌తో ఒక ఎండీఎఫ్ (చెక్క పొడి అదిమి చేసిన పలక) ముక్క మీద 300, 400 దీర్ఘచతురస్రానికి నాలుగు మూలల్లో సూది గుర్తులు పెట్టించాను. కర్ణాలు రెండూ 500 రావాలి. టేపు కొక్కెం కదులుతుంది కాబట్టి సున్నా నుంచి కాకుండా 100 గుర్తు నుంచి కొలిచాను. రెండు కర్ణాలకీ తేడా 1 మిల్లీమీటరు. నా స్క్రూల మధ్య దూరం 600. లెక్క వేస్తే ఒక పక్క 1.25 జరపాలి. స్క్రూ ఒక చుట్టుకి 8 మిల్లీమీటర్లు నడుస్తుంది, అంటే చుట్టులో ఆరో వంతుకన్నా కాస్త తక్కువ. కరెంటు తీసేసి, కప్లర్ వదులు చేసి, ఎడమ స్క్రూని అంత తిప్పాను. మొదటిసారి ఎటు తిప్పాలో తెలియక తేడా రెట్టింపు చేసుకున్నాను, అది వేరే సంగతి. మూడోసారికి కర్ణాలు కలిశాయి.

అసలు టైమంతా తిన్నది స్పిండిల్ (కోసే బిట్‌ని తిప్పే మోటారు) నిలువు. వానలకి తేమ పీల్చి కింది ఎండీఎఫ్ పలక అక్కడక్కడా ఉబ్బింది, దాన్ని నమ్మి కొలవలేం. చీమకుర్తి గ్రానైటు కోసే చోట పనిచేసే స్నేహితుడు పాలిష్ చేసిన బ్లాక్ గెలాక్సీ ముక్క ఒకటి ఇచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి, బిట్‌ని పట్టే కొల్లెట్‌లో వంచిన కడ్డీ, దాని చివర సన్నటి తేడాలు చూపే డయల్ గేజ్ బిగించి చేత్తో తిప్పాను. రీడింగులు ఎటుపడితే అటు వచ్చాయి. గంట తర్వాత గానీ వెలగలేదు, రాయే వాలి ఉంది! ముందు గేజ్‌ని తిప్పకుండా, మిషన్‌నే అటూ ఇటూ నడిపి, రాయి కింద కాగితాలు దోపి మట్టం చేశాను. అప్పుడు తిప్పితే లెక్క తేలింది: 200 వ్యాసంలో ముందుకీ వెనక్కీ 0.3 తేడా. పక్కలకి ఉంటే స్పిండిల్‌ని పట్టి ఉంచే బోల్టులు వదులు చేసి తట్టితే సరిపోయేది. ముందుకి వాలితే మాత్రం ఎత్తు పెట్టాల్సిందే. బోల్టుల మధ్య 70 ఉంది కాబట్టి 0.1 చాలు. కూల్‌డ్రింక్ డబ్బా రేకు ఇంచుమించు అంతే ఉంటుంది, కత్తిరించి కింది బోల్టుల వెనక ఒక పొర పెట్టాను.

ఎండీఎఫ్ పలకని పైపైన చదును చేయడం ఆఖరున. ముందే చేసి ఉంటే మళ్లీ చేయాల్సి వచ్చేది. గోరుతో రాస్తే ఇప్పుడు ఒక్క వెనక కుడి మూలలోనే సన్నటి గీత తగులుతోంది. దాన్ని వచ్చే ఆదివారం చూడాలి. కప్లర్ మీదా స్క్రూ మీదా కలిపి ఒక మార్కర్ గీత మాత్రం ఆ రాత్రే గీసేశాను.