మలేరియానే కదా అన్నారు

"మలేరియానే కదా, ఇక్కడ అందరికీ వస్తుంది. మాత్రలు వేసుకుని సైటుకి వచ్చెయ్" అన్నారు మా మేనేజర్ గారు. ఆయనా మనవాళ్లే, గుంటూరు వైపు. ఆ మాట మీద కోపం నాకింకా పోలేదు.

నైజీరియాలో నైజర్, బెన్యూ నదులు కలిసేచోట ఉంటుంది లోకోజా. 2022 అక్టోబరు వరదల్లో అబూజా హైవే మునిగింది. మేముండే గనాజా నుంచి ఊళ్లోకి రోడ్డూ లేదు. అప్పుడే నాకు జ్వరం.

అక్కడివాళ్లకి చిన్నప్పటి నుంచీ మలేరియా వచ్చి వచ్చి ఒంట్లో కొంత తట్టుకునే శక్తి ఉంటుంది. కొత్తగా వెళ్లినవాళ్లకి అదుండదు. ఫాల్సిపారమ్ అనే రకం మలేరియా ముదిరితే గంటల్లోనే స్పృహ తప్పుతుంది. మేనేజర్ గారికి తట్టని ఈ సంగతి మా ఇంటి ఓనరమ్మకి తెలుసు.

ఆ రాత్రి ఆవిణ్ని మా అమ్మనుకుని తెలుగులో మంచినీళ్లు అడిగానట. ఇక ఆవిడ తెల్లారేదాకా ఆగలేదు. చీకట్లో రానన్న పడవవాణ్ని తిట్టి, బతిమాలి లేపుకొచ్చింది. రోడ్డు మీదే పడవ. పెట్రోల్ బంకులో పంపులు సగం దాకా నీళ్లలో ఉన్నాయి. ఆవిడ కొడుకు ముందు కూర్చుని సెల్‌ఫోన్ లైటుతో కరెంటు తీగలు చూస్తున్నాడు. నా పళ్లు టకటకా కొట్టుకుంటుంటే ఆవిడ తన గుడ్డ నాకు చుట్టి, దారంతా నా దవడ పట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టమన్నారు. ఆవిడే కట్టింది. షుగర్ పడిపోయిందని గ్లూకోజ్ ఎక్కించారు, మలేరియాకి ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు ఇచ్చారు. తర్వాతదంతా మామూలే.

1841లో ఇదే నైజర్ నది మీదికి వచ్చిన ఇంగ్లీషువాళ్లు జ్వరాలతో ఎంతమంది పోయారో! 1854లో బైకీ అనే డాక్టరు రోజూ మలేరియా మందు క్వినైన్ ఇచ్చి తన ఓడలోని తెల్లవాళ్లలో ఒక్కరూ పోకుండా తిరిగి తీసుకెళ్లాడు. తర్వాత ఆయన మకాం పెట్టింది లోకోజాలోనే. ఆ ఊళ్లో కూర్చుని "మలేరియానే కదా" అంటారా!

అటువైపు వెళ్లొచ్చినవాళ్లు, నెలలు గడిచాక జ్వరం వచ్చినా సరే, డాక్టరుకి ముందు ఆ సంగతే చెప్పండి. మొదటి టెస్టు నెగటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్లీ చేయించమని అడగండి.

ఓనరమ్మ తన చర్చిలో నా కోసం ప్రార్థన చేయించింది. అమ్మ అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుకుంది, వ్రతం చేయించాం. సెలవుల్లో ఊరొచ్చిన మేనేజర్ గారిని కూడా పిలవమంది అమ్మ. నేను పిలవలేదు.