దినాన్: ఇత్తడి మోగిన ఊరు

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో రైలెక్కి గంటన్నర పైన కూర్చుంటే దినాన్ వస్తుంది. పేరు చివర ‘ట్’ రాస్తారు, పలకరు. "నాన్నా, ఆ ‘న్’ కూడా ముక్కులోనే ఆగిపోవాలి" అని మా అమ్మాయి దారి పొడవునా నేర్పింది. నాకు మాత్రం చివరి దాకా ‘ఫలానా దినాన’ అన్నట్టే వినిపించింది. సాయంత్రానికి అలా వినిపించడం సబబే అనిపించింది కూడా.

నామూర్ దాటాక రైలు మ్యూజ్ నదిని పట్టుకుని నడుస్తుంది. గోదావరి గట్టున పుట్టినవాడికి ఇంకో నదిని చూపించి మెప్పించడం కష్టం. రాజమహేంద్రవరం వంతెన మీద రైలు ఎంతసేపు పోతుందో తెలిసినవాణ్ణి కదా, మ్యూజ్‌ని చూసి మా పెద్ద కాలువంత ఉందే అన్నాను. అమ్మాయి ఏమీ అనలేదు. స్టేషను నుంచి బయటికి వచ్చి వంతెన మీద నిలబడ్డాక నేనే నోరు మూసుకున్నాను. ఎదుటి ఒడ్డున నిట్టనిలువు రాతికొండ. దాని పాదాల దగ్గర నల్లటి ఉల్లిపాయ గోపురంతో చర్చి, నెత్తిన కోట. కొండకూ నీటికీ నడుమ మిగిలిన సన్నని పట్టీలో ఇళ్ళు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడ్డాయి. కొండ మరీ దగ్గరగా ఉంటే ఏమవుతుందో ఈ చర్చికి తెలుసు. 1227లో కొండచరియ విరిగిపడి పాత చర్చి నేలమట్టమైంది. మళ్ళీ అక్కడే కట్టారు.

వంతెన నిండా రంగురంగుల సాక్సోఫోన్లు, మనిషి కంటే ఎత్తువి, ఐరోపా దేశాల పేరిట ఒక్కొక్కటి. సాక్సోఫోన్‌ను కనిపెట్టిన అడోల్ఫ్ సాక్స్ 1814 నవంబరు 6న ఇక్కడే పుట్టాడు. అతని పేరున్న వీధిలో, పుట్టిన ఇల్లుండిన చోట, బల్ల మీద కూర్చున్న కంచు సాక్స్ ఉన్నాడు. పక్కన కూర్చుని ఫొటో దిగడం ఆచారం, మేమూ పాటించాం. నిజం చెప్పాలంటే అతను పసివాడుగా ఉండగానే కుటుంబం బ్రస్సెల్స్‌కు వెళ్ళిపోయింది. వాయిద్యానికి పేటెంటు తీసుకున్నది పారిస్‌లో, 1846లో. ఊరు ఇచ్చింది ఉయ్యాల మాత్రమే. అయినా దీపస్తంభాల దగ్గర్నుంచి దుకాణాల అద్దాల దాకా అతన్నే తగిలించుకున్నారు. చిన్నప్పుడు అతను మేడ మీద నుంచి పడ్డాడనీ, గుండుసూది మింగాడనీ, పాలనుకుని ఆమ్లం కలిసిన నీళ్ళు తాగాడనీ చెబుతారు. ఇన్ని గండాలు గడిచి బతికాడు కాబట్టే మన పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో ఆ వంకర గొట్టం మోగుతోంది, కద్రి గోపాల్‌నాథ్ దాని మీద త్యాగరాజ కీర్తనలు వాయించగలిగారు.

సాక్స్ తండ్రి కూడా వాయిద్యాలు చేసేవాడే. అయితే ఈ ఊళ్ళో లోహపు చప్పుడు అతనికి ఎన్నో వందల ఏళ్ళ ముందే మొదలైంది. మధ్యయుగంలో దినాన్ అంటే కంచరుల ఊరు. జర్మనీలోని గొస్లార్ గనుల నుంచి రాగి వచ్చేది. జింకు ఖనిజం మ్యూజ్ ప్రాంతంలోనే దొరికేది. రెండూ కలిపి ఇత్తడి చేసి, సుత్తితో సాగగొట్టి, పోతపోసి, పళ్ళేలూ కుండలూ చర్చి దీపస్తంభాలూ చేసి నది మీద పంపేవారు. సరుకు లండన్ దాకా పోయేది. నేటికీ ఫ్రెంచిలో ఆ పనితనాన్ని ‘దినాండ్రీ’ అంటారు. ఊరి పేరే పనికి పేరైంది. పెంబర్తి, బుడితి ఇత్తడి చూసినవాళ్ళు ఇక్కడి అద్దాల బీరువాల ముందు కాసేపు ఎక్కువగా నిలబడతారు. నేను నిలబడ్డాను.

డబ్బు వచ్చిన ఊరికి పొరుగూరితో తగాదా రాకుండా ఉంటుందా? నదికి అటు ఒడ్డున, కూతవేటు దూరంలో బువీన్య. అక్కడా కంచరులే. దినాన్ లియేజ్ బిషప్పుది, బువీన్య నామూర్ ప్రభువుది. వీళ్ళు ‘గర్వపు కొండ’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక బురుజు కట్టి అటు చూపిస్తే, వాళ్ళు తమ బురుజుకు ‘గుండె పగులు’ అని పేరు పెట్టారు. ఇంతవరకు నవ్వుకోవచ్చు. దినాన్ జనం మాత్రం అంతటితో ఆగక, అప్పటికి నామూర్‌ను కూడా ఏలుతున్న బర్గండీ డ్యూక్ కొడుకు షార్ల్ దిష్టిబొమ్మ ఊరేగించి, వాడు డ్యూకుకు పుట్టినవాడు కాదు, బిషప్పుకు పుట్టినవాడని కేకలు వేశారు. 1466 ఆగస్టులో తండ్రీకొడుకులిద్దరూ సైన్యంతో వచ్చారు. ఊరు తగలబడింది. 800 మందిని ఇద్దరిద్దరిగా కట్టి మ్యూజ్‌లో పడేశారని నాటి చరిత్రకారులు రాశారు. మిగిలిన కంచరులు సుత్తులు పట్టుకుని వేరే ఊళ్ళకు పోయారు. మాట తూలినందుకు ఇంత శిక్షా అని అమ్మాయితో అంటే, "ఎగుమతి లాభాల సంగతీ ఉండే ఉంటుంది నాన్నా" అంది. దాని చదువు అలాంటిది.

కోటకు తీగబండి ఉంది. నేను అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాణ్ణని గొప్పకు పోయి, ఇక్కడి 408 మెట్లకే సిద్ధపడ్డాను. అలిపిరి ఎక్కింది ఎప్పుడో లెక్క చూసుకోలేదు. సగంలో రాతి గోడకు చేరగిలబడితే, అమ్మాయి తీగబండిలో పైకి పోతూ చెయ్యి ఊపింది.

ఇప్పుడున్న కోట పందొమ్మిదో శతాబ్దం మొదట్లో డచ్చివాళ్ళు కట్టింది. లోపల ఒక చోట, గుండ్ల దెబ్బకు ఒరిగిపోయిన కందకపు గదిలా నేల వాలుగా ఉంటుంది. నడుస్తుంటే కళ్ళొకటి చెబుతాయి, కాళ్ళొకటి చెబుతాయి. 1914 ఆగస్టు 15న ఈ కోట కోసమూ కింది వంతెన కోసమూ ఫ్రెంచి, జర్మన్ సేనలు పోరాడాయి. వంతెన దగ్గర కాలికి తూటా తగిలి పడినవారిలో ఒక ఫ్రెంచి లెఫ్టినెంటు ఉన్నాడు, తరువాత ఫ్రాన్సు అధ్యక్షుడైన షార్ల్ ద గోల్. నేటి వంతెనకు ఆయన పేరే.

ఎనిమిది రోజుల తరువాత, ఆగస్టు 23న, జర్మన్ సైన్యంలోని సాక్సనీ దళాలు ఊళ్ళోకి దిగాయి. పౌరులు చాటు నుంచి కాలుస్తున్నారని నెపం పెట్టి, జనాన్ని ఇళ్ళలోంచి లాగి గోడలకు నిలబెట్టి కాల్చారు. 674 మంది. ఊరి జనంలో సుమారు పదింట ఒకరు. చనిపోయినవారిలో మూడు వారాల పసిబిడ్డ ఉంది. ఇళ్ళు తగలబెట్టారు. సాక్స్ పుట్టిన ఊరిని సాక్సన్లు కాల్చారని ఎవరో అన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. జర్మనీ అధికారికంగా క్షమాపణ చెప్పింది 2001లో. స్మారకం మీద పేర్లు చదువుతూ పోతే ఒకే ఇంటిపేరు వరసగా నాలుగైదు సార్లు వస్తుంది. ఇంటిపేరు మారే దాకా చదివాను. తరువాతి ఇంటిపేరు కూడా అలాగే వచ్చేసరికి ఆపేశాను.

కిందికి తీగబండిలోనే దిగాం. ఊరికి దక్షిణాన బయార్ బండ చూద్దామంది అమ్మాయి. మాయగుర్రం గిట్టతో తన్ని కొండను చీల్చిందట. సన్నగా నిలబడిన రాతిసూదికీ కొండకూ మధ్య నుంచి కార్లు పోతుంటాయి. బాగుంది. ఆ బండ దగ్గర కూడా 1914లో జనాన్ని కాల్చారని తెలిశాక ఫొటోలు తీయడం మాత్రం మానేశాం.

ఆకలికి ఫ్లామిష్ దొరికింది. చీజూ వెన్నా గుడ్లూ కలిపిన రొట్టె, పొయ్యి మీంచి దించిన వెంటనే తినాలి. చల్లారితే దండగ. ఊరి అసలు సొత్తు మాత్రం కూక్ బిస్కత్తు. గోధుమపిండి, తేనె, అంతే, నీటిచుక్క ఉండదు. పంచదార చిలకల్లా చెక్క అచ్చుల్లో ఒత్తి కాలుస్తారు. పళ్ళూ చేపలూ కోటలూ, ఏ బొమ్మ కావాలంటే అది. 1466 ముట్టడిలో తినడానికి పిండీ తేనే తప్ప ఏమీ మిగలక, కంచరులు ఇత్తడి అచ్చుల మీద ఒత్తి చేశారని కథ. షాపులో ఆవిడ ధర చెబుతూ ‘నోనాంట్’ అంది. తొంభైని ఫ్రాన్సులో నాలుగిరవైలూ పది అని తిప్పి చెబుతారు. బెల్జియం ఫ్రెంచికి ఆ తిప్పలు లేవు. నాకు ఈ ఫ్రెంచే నచ్చింది.

నేను కొరకబోయాను. ఆవిడ గబుక్కున చెయ్యి అడ్డం పెట్టి ఏదో అంది. "పన్ను విరుగుతుందట నాన్నా, విరిచి బుగ్గన పెట్టుకోవాలట" అని అమ్మాయి. ఆలస్యమైంది, పై పన్ను ఒకటి అప్పటికే సలుపుతోంది. బిస్కత్తుకు మాత్రం గీత పడలేదు.

రైల్లో కూర్చున్నాక చిన్న ముక్క విరగ్గొట్టి బుగ్గన పెట్టుకున్నాను. కిటికీ పక్కన మ్యూజ్ చీకట్లోకి పోతోంది. నామూర్ వచ్చింది. తేనె రుచి తెలుస్తోంది, ముక్క ఇంకా అలాగే ఉంది.